నాలుగో గ్లాసు ఎవరిది?

నేను ఒక కొలపాత్రను. పసిపిల్లలకు పాలు పట్టే ఉగ్గుగిన్నె కంటే కాస్త పెద్దగా ఉంటాను. మూతి ఇరుకు, అడుగు వెడల్పు. అంచుదాకా నింపితే సరిగ్గా యాభై మిల్లీలీటర్లు పడుతుంది. నన్ను ఇత్తడితో పోతపోసి, లేతు మిషను మీద తిప్పి నునుపు చేశారు. ఒక చల్లటి గదిలో ఒకాయన ఊపిరి బిగబట్టి, శుద్ధి చేసిన నీళ్ళు నాలో పోసి తూచాడు. తూచి, తృప్తిగా తలాడించి, అడుగున ఒక నంబరు కొట్టాడు. ఆ తలాడింపుతో నా బాల్యం అయిపోయింది.

లీటరు పెద్దన్న మొదలు ఇరవై మిల్లీలీటర్ల చిట్టితల్లి దాకా మేం ఆరుగురం తోబుట్టువులం. ఎర్ర మఖమల్ పరిచిన చెక్కపెట్టెలో కూర్చుని, గోదావరి కాలవగట్టున ఉన్న ఓ చిన్న పట్టణానికి, అక్కడి తూనికలు కొలతల ఆఫీసుకు చేరాం. నూనె కొట్లవాళ్ళు, పాలవాళ్ళు, కిరోసిన్ డిపోలవాళ్ళు తమ కొలపాత్రలు పట్టుకొచ్చి మాతో సరిపోల్చుకుని ముద్ర వేయించుకునేవారు. మేం ఒప్పుకుంటేనే వాళ్ళ లీటరు లీటరు.

నా కళ్ళముందు నలుగురు ఇన్‌స్పెక్టర్లు మారారు. మొదటాయన నన్ను ముట్టుకునే ముందు చేతులు కడుక్కునేవాడు. రెండో ఆయన ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా నన్ను బరువు పెట్టుకునేవాడు. మూడో ఆయన పెట్టె తెరవకుండానే పరీక్షించానని రాసుకునేవాడు. నాలుగో ఆయన వేదాద్రి గారు. ఈ గొడవ ఆయనతోనే మొదలైంది. కానీ నేను చెప్పబోయేది పేరంటాలు సంగతి.

పేరంటాలు ఆ ఆఫీసులో పార్ట్‌టైం స్వీపరు. ఉదయం తొమ్మిదికి వచ్చి ఒంటిగంటకు వెళ్ళిపోతుంది. మధ్యాహ్నం నుంచి కాలవ అవతల కొబ్బరిపీచు తాళ్ళు పేనే షెడ్డులో పని. వయసు యాభై దాటింది. ఆఫీసుకు పదకొండేళ్ళుగా వస్తోంది. ఏటా మార్చిలో ఇన్‌స్పెక్టరు ఒక కాగితం మీద సంతకం పెడితేనే ఆ ఉద్యోగం మరో ఏడాది నిలుస్తుంది. చదువు రాదు. కానీ నేల తుడుస్తూ విన్నమాట ఒక్కటీ మరిచిపోదు. ఇన్‌స్పెక్టర్లు వ్యాపారులకు చెప్పే పాఠాలన్నీ పదకొండేళ్ళుగా ఆమె చెవిన పడుతూనే ఉన్నాయి.

ఆఫీసులో పదకొండు గంటలకు టీ. అటెండరు యోహాను వెనకగదిలో కరెంటు పొయ్యి మీద కాస్తాడు. పాలకూ పంచదారకూ టీపొడికీ శనివారం బిస్కెట్లకూ నెలనెలా చందా వేసుకుంటారు. ఆ డబ్బు హెడ్ క్లర్కు హైమావతి గారి దగ్గర ఉంటుంది. చందా వేసినవాళ్ళు నెలలో మొదటి సోమవారం కూర్చుని అల్లం వెయ్యాలా, ఏలకులు వెయ్యాలా, పాలు ఎవరి దగ్గర తీసుకోవాలి అన్నది తేలుస్తారు. ప్రభుత్వం వారి పని మీద ఆ ఆఫీసులో అంత శ్రద్ధగా సమావేశం జరగగా నేను చూడలేదు. పేరంటాలుకు చందా లేదు, సమావేశమూ లేదు. అయినా ఆమెకూ ఒక గ్లాసు పోసేవారు. ఆమె అది పట్టుకెళ్ళి వరండా మెట్టు మీద కూర్చుని తాగేది.

ఇక వేదాద్రి గారు. గాలివానలో కూడా గొడుగు నిటారుగా పట్టుకునే మనిషి. ఎవరికీ అన్యాయం చెయ్యడు. న్యాయమైనా కొలిచి గానీ చెయ్యడు. జులైలో బదిలీ మీద వచ్చాడు. వచ్చిన వారానికి టీ చందా పుస్తకం తెప్పించి చూశాడు. అందులో మూడు పేర్లున్నాయి. ఎదురుగా పళ్ళెంలో నాలుగు గ్లాసులున్నాయి.

"నాలుగో గ్లాసు ఎవరిదండి?" అని హైమావతి గారిని అడిగాడు.

పేరంటాలుదని, పార్ట్‌టైం మనిషి కాబట్టి ఆమె దగ్గర చందా తీసుకోవడం లేదని ఆవిడ చెప్పింది. అయితే ముగ్గురం కలిసి నలుగురి టీ కొంటున్నామన్నమాట అన్నాడు వేదాద్రి. ఆయన గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. లెక్క ఒప్పజెప్పినట్టు అన్నాడంతే. కిటికీ అవతల చీపురు చప్పుడు ఆగిపోయింది.

మర్నాడు పేరంటాలు టీ ముట్టలేదు. గ్లాసు మీద మీగడ కట్టింది. యోహాను దానిమీద సాసరు మూతపెట్టి ఒంటిగంట దాకా చూశాడు. ఆ మర్నాడూ అంతే. నాలుగో రోజు ఆమె కొంగుముడి విప్పి, నెల చందా మొత్తం తెచ్చి హైమావతి గారి బల్లమీద పెట్టింది.

"ఇదేంటే పేరంటాలూ? నీ జీతమెంతని నువ్విది ఇస్తావు? నువ్వు తాగే గ్లాసుడు టీకి మాకేం తక్కువైపోతుంది?" అంది హైమావతి గారు.

"తక్కువైపోద్దని కాదండి. ఇవ్వకపోతే నాలుగో గ్లాసు ఎవరిదని అడుగుతారండి. ఇస్తే నా పేరు చెప్తారండి."

హైమావతి గారు ఆ నోట్లు ఇటు తోసింది. పేరంటాలు అటు తోసింది. ఆవిడది జాలి, ఈమెది పట్టుదల. రెండింటి మధ్య ఆ డబ్బు ఎవరిదీ కాకుండా సాయంత్రం దాకా బల్లమీదే ఉంది. ప్రభుత్వ కార్యాలయంలో ప్రభుత్వ బల్లమీద యజమాని లేని సొమ్ము కనిపించేసరికి వేదాద్రి గారికి ఫైలు తెరవక తప్పలేదు.

"పార్ట్‌టైం సిబ్బంది తేనీటి వ్యయంలో పాలుపంచుకొనవలెనా – స్పష్టత కోరుట" అని ఫైలుకు పేరు పెట్టారు. యోహాను వాంగ్మూలం తీసుకున్నారు. పేరంటాలు గ్లాసు మొత్తం తాగుతుందా అని అడిగితే, అడుగున రెండు గుక్కలు ఉంచి గేటు దగ్గర పడుకునే కుక్కకు పోస్తుందని నిజం చెప్పేశాడు. ఆ కుక్క ఆఫీసుకు చెందినదా, వీధికి చెందినదా అన్న ప్రశ్న వచ్చి ఫైలు మరో రెండు పేజీలు పెరిగింది. దాన్ని పై ఆఫీసుకు పంపారు. ఐదు వారాలకు జవాబు వచ్చింది: "నిబంధనల ప్రకారం తగు చర్య తీసుకొనవలసినది."

వేదాద్రి గారు దాన్ని మూడుసార్లు చదివాడు. టీ విషయంలో నిబంధనలు ఎక్కడా లేవు. అందుకని ఆయనే ఒకటి తయారుచేశాడు. ఎనిమిది గంటలు పనిచేసేవాళ్ళది మొత్తం చందా, నాలుగు గంటలు పనిచేసేవాళ్ళది సగం. సగం చందాకు సగం టీ. మొదటి సోమవారం సమావేశంలో సగం అభిప్రాయం.

"సగం అభిప్రాయమంటే ఎలాగండి?" అన్నాడు యోహాను.

అలాంటివి రెండు కలిస్తే ఒకటవుతుందని ఆయన వివరించాడు. ఆఫీసులో పార్ట్‌టైం మనిషి ఒక్కతే కాబట్టి, రెండో సగాన్ని ప్రభుత్వం నియమించేదాకా ఆమె అభిప్రాయం వేచి ఉంటుందట. పేరంటాలు అంతా విని, సగం డబ్బు కట్టి, రశీదు తీసుకుని కొంగున ముడేసుకుంది.

మర్నాడు యోహాను నాలుగో గ్లాసులో చూపుమేరకు సగం పోశాడు. అది చూసి వేదాద్రి గారికి తన టీ గొంతు దిగలేదు. ఊరందరికీ ముద్రలేసే ఆఫీసులో కంటికొలతా? లేచి, తాళంచెవి తీసి, మా పెట్టె తెరిచాడు. నిండు గ్లాసు వంద మిల్లీలీటర్లని అప్పటికే కొలిచి పెట్టుకున్నాడు. సగమంటే యాభై. ఆరుగురిలో నన్ను బయటికి తీశాడు.

అంతవరకు శుద్ధి చేసిన నీళ్ళు తప్ప ఎరగని నోట్లో మరిగిన టీ పడింది. ఆ వేడికి నా ఒళ్ళు సాగింది. తీపి అంచంతా అంటుకుంది. ఆయన గాజుపలకతో నా మూతి మీద చదును చేసి, చుక్క ఒలకకుండా ఆమె గ్లాసులోకి వంచాడు. ముద్రల కోసం వచ్చిన నూనె కొట్టాయన ఒకడు గుమ్మంలో నిలబడి చూసి, చేతులు జోడించి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం పెట్టెలో నా తోబుట్టువులు నాతో మాట్లాడలేదు.

ఇలా రోజూ జరిగేది. పేరంటాలు తన వంతు పట్టుకెళ్ళి మెట్టుమీద కూర్చునేది. ముందు దానివంక చూసేది, తరవాత తాగేది. మిగతా ముగ్గురి గ్లాసులు యోహాను చేతివాటంగానే నింపడం ఆమె గమనించింది. తొమ్మిదో రోజు నెమ్మదిగా ఒకమాట అంది.

"బాబుగారూ, ఇందులో నురగుందండి."

అంతకు వారం ముందే నురగను పాలకింద కొలిచాడని ఒక పాలాయనకు వేదాద్రి గారు జరిమానా రాశాడు. ఇప్పుడు ఆయన చెంచాతో నురగ తీసి, నన్ను మళ్ళీ నింపాడు. ఆమె ఆ టీ తాగలేదు. పదో రోజు టీ నింపాక, దాన్ని గ్లాసులో పొయ్యొద్దని, నన్ను అలాగే కిటికీలో మూతపెట్టి ఉంచమని అడిగింది. గంట గడిచాక మూత తీయమంది.

నలుగురూ వంగి చూశారు. టీ నా అంచు కంటే కిందికి దిగి ఉంది.

"వేడిమీద పొంగుద్దండి, చల్లారితే తగ్గుద్దండి. కిరోసిన్ డిపో ఆయనకి తమరే చెప్పారండి, నేను ఈ గదే తుడుస్తన్నాను. నాకు తక్కువ కొలిచారండి. కంప్లయింటు రాసుకోండి."

వేదాద్రి గారు గాజుగొట్టంతో ఆ ఖాళీ ఎంతో కొలిచాడు. ఒక మిల్లీలీటరు మీద మరో మూడో వంతు. చట్టం ఒప్పుకునే తేడా కంటే ఎక్కువే. ఆయన మొహం తెల్లబోయింది. వ్యాపారులు దొరికిపోయినప్పుడు మొహం అలా కావడం నేను చాలాసార్లు చూశాను. ఈ బల్లకు ఇవతల కూర్చున్న మనిషిది చూడటం అదే మొదలు.

హైమావతి గారు పేరంటాలును రెక్క పట్టుకుని వెనకగదిలోకి తీసుకెళ్ళింది. మార్చిలో నీ కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆయనేనని, చెంచాడు టీ కోసం అన్నం పోగొట్టుకోవద్దని నచ్చజెప్పింది.

"చెంచాడు కాదండి, పావు చెంచా," అంది పేరంటాలు. "సగం డబ్బులన్నారు, ఇచ్చానండి. సగం టీ అన్నారు, తాగానండి. ఆ సగమన్నా సరిగ్గా కొలవద్దాండి?"

హైమావతి గారు తలుపు దగ్గరికి వేసి, తెల్లకాగితం తీసి తనే ఫిర్యాదు రాయడం మొదలుపెట్టింది. మొదటి రెండు వాక్యాలు తడుముకుంటూ రాసింది. మూడో వాక్యానికి ఊపు వచ్చింది. ఐదో వాక్యంలో "దురుద్దేశంతో" అని రాసి, గట్టిగా చదివి వినిపించింది.

"అది తీసెయ్యండమ్మగారు. బాబుగారు కావాలని చెయ్యలేదండి," అంది పేరంటాలు.

ఆ మాట కొట్టేశారు. పేరంటాలు వేలిముద్ర వేసింది. హైమావతి గారు దానికి ఇన్‌వర్డు నంబరు వేసి, ముద్ర కొట్టి, ఇన్‌స్పెక్టరు బల్లమీద పెట్టి, ఏమీ ఎరగనట్టు తన కుర్చీలో కూర్చుంది.

వేదాద్రి గారు దాన్ని నిలబడే చదివాడు. చదివి, మూలనున్న కుర్చీ ఒకటి తనే లాక్కొచ్చి బల్ల ముందు వేశాడు. ఫిర్యాదుదారు కూర్చుని వాంగ్మూలం ఇవ్వాలని రూలు. ఆ కుర్చీని పదకొండేళ్ళుగా పేరంటాలు రోజూ తుడుస్తోంది గానీ ఒక్కసారీ కూర్చోలేదు. అంచుమీద కూర్చుంది. సరిగ్గా కూర్చోమన్నాడు, చాలాసేపు పడుతుందన్నాడు. "మీ పేరు చెప్పండి" అన్నాడు. ఎవరినంటున్నాడో అని ఆమె వెనక్కి తిరిగి చూసింది.

తరవాత జరిగింది మీరు నమ్మకపోయినా నేను నొచ్చుకోను. వేదాద్రి గారు తన పేరుమీద తనే నోటీసు తయారుచేసి, రిజిస్టరు పోస్టులో వేశాడు. మూడో రోజు పోస్టుమాను అది తెచ్చి ఇస్తే సంతకం పెట్టి తీసుకున్నాడు. జవాబు రాసుకోవడానికి వారం గడువు కావాలని అర్జీ పెట్టుకున్నాడు. కారణాలు చాలవని దాన్ని తనే తిరస్కరించాడు. వేడికి టీ పొంగుతుందన్న సంగతి ఆ క్షణంలో తోచలేదని రాత్రికి రాత్రి జవాబు రాసుకొచ్చాడు. ఆ జవాబు తృప్తికరంగా లేదని మధ్యాహ్నానికి ఉత్తర్వు ఇచ్చాడు. నిందితుడికి ఈ సంగతి బాగా తెలుసని కిరోసిన్ డిపో ఆయనే సాక్ష్యం చెప్పాడట. నిందితుడిగా నీలం సిరా, అధికారిగా ఎరుపు సిరా వాడేవాడు. ఒక్కసారి కూడా పొరపాటున మార్చుకోలేదు.

నన్ను సాక్ష్యవస్తువుగా గుడ్డసంచిలో కుట్టి, లక్కముద్ర వేసి, బీరువాలో పెట్టారు. అక్కణ్ణుంచి నేను విన్నదే మీకు చెబుతున్నాను. నేను లేకపోవడంతో మా పెట్టె అసంపూర్ణమైంది. కొలపాత్రలకు ముద్రలు వెయ్యడం ఆగిపోయింది. వరండా నిండా నూనెవాళ్ళు, పాలవాళ్ళు చేరారు. సంగతి తెలుసుకున్నాక వాళ్ళలో ఎవరికీ ఇంటికి పోబుద్ధి కాలేదు. ఇన్నాళ్ళూ ఆయన ముందు వణికినవాళ్ళే, నిందితుడి మీద దయ చూపించకూడదని అధికారికి సలహాలిచ్చారు. నురగకు జరిమానా కట్టిన పాలాయన రోజూ పొద్దున్నే వచ్చి, కేసు ఎంతవరకు వచ్చిందండీ అని వినయంగా వాకబు చేసేవాడు.

ముద్రలు ఆగిన కబురు పై ఆఫీసుకు చేరింది. ఒకరోజు ఫోను మోగింది. పై అధికారి గొంతు రిసీవరు దాటి, బీరువా తలుపు దాటి నాకూ వినబడింది. ఆ కాగితం చించి పారెయ్యమన్నాడు. ఆ పార్ట్‌టైం మనిషిని రేపట్నుంచి రావద్దని చెప్పమన్నాడు. ఒక స్వీపరు కోసం శాఖ పరువు తీస్తావా అన్నాడు. బకెట్టు పక్కన తడిగుడ్డ పట్టుకుని పేరంటాలు నిలబడిపోయింది. ఆ సమయంలో ఆమెకు ఏమనిపించిందో తరవాత హైమావతి గారితో చెప్పింది. కొబ్బరిపీచు షెడ్డులో పొద్దున పూట కూడా పని ఇస్తారా అని ఆలోచించిందట.

వేదాద్రి గారు అంతా విన్నాడు. రిసీవరు ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు.

"ఫిర్యాదు నిజమండి. కొలత తక్కువే," అన్నాడు. ఫోను పెట్టేశాడు.

ఆ మధ్యాహ్నమే జరిమానా తన జేబులోంచి కట్టి, తనకు తనే రశీదు ఇచ్చుకున్నాడు. పేరంటాలును మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టి, తాగిన రోజులన్నిటికీ తగ్గిన టీ మొత్తం లెక్కకట్టి ఒకేసారి ఇప్పిస్తానన్నాడు. పది మిల్లీలీటర్ల పైచిలుకు తేలింది.

"అది నాకొద్దండి," అంది ఆమె. "నేను సగం పూట వస్తానండి గానీ సగం మనిషిగా రానండి. అందరి లాగే మొత్తం చందా తీసుకోండి. గ్లాసు నింపించండి."

ఆయన ఎర్రసిరా కలం తీశాడు. "నింపడం దేనితో?" అని అడిగాడు.

"యోహాను చేత్తోనండి. మీకు నింపుతున్నాడు కదండి."

అప్పుడు వేదాద్రి గారు తన గ్లాసు వంక మొదటిసారి చూసినట్టు చూశాడు. అందులో పోసే టీని ఏ రోజూ కొలవలేదన్న సంగతి అప్పుడు తట్టింది. ఫైలు ముందుకు లాక్కుని, ఎర్రసిరాతో "మొత్తం" అని రాసి, కింద సంతకం పెట్టి మూసేశాడు.

మొదటి సోమవారం వచ్చింది. నాలుగు కుర్చీలు వేశారు. ఈ నెల అల్లమా, ఏలకులా అని హైమావతి గారు ముందుగా పేరంటాలునే అడిగింది.

"నాకసలు టీ పడదండి. కడుపులో మంట. కాఫీ పెట్టుకుందారండి."

పదకొండేళ్ళు టీ ఎందుకు తాగావే మరి అని హైమావతి గారు నోరు తెరిచింది.

"పోసేవారండి, తాగేదాన్ని. ఏం కావాలని ఎవరడిగారండి?"

యోహాను ముందు చెయ్యెత్తాడు. ఇన్నేళ్ళూ టీపిప్పి పారబోసి పారబోసి విసుగెత్తిందన్నాడు. హైమావతి గారు కాస్త సిగ్గుపడుతూ తనదీ కాఫీయేనని ఒప్పుకుంది. టీ వైపు వేదాద్రి గారు ఒక్కడే మిగిలాడు. మూడు, ఒకటి అని తనే మినిట్సులో రాసుకున్నాడు. మర్నాటి నుంచి కషాయం మింగుతున్నట్టు మొహం పెట్టి కాఫీ తాగాడు, కానీ గ్లాసులో చుక్క మిగల్చలేదు. మార్చిలో పేరంటాలు కాగితం మీద సంతకం పెడుతూ, ఆమె పనితీరు గురించి రాయాల్సిన చోట "కొలతల విషయంలో నమ్మదగిన మనిషి" అని రాశాడు. నేల ఎలా తుడుస్తుందో రాయడం మరిచిపోయాడు.

కేసు మూసేశాక నా సంచి విప్పారు. లోపల తీపి ఎండి గట్టిపడి ఉంది. యోహాను చింతపండు వేసి, తన మంచితనమంతా పెట్టి తోమాడు. ఆ తోముడుకు నేను అరిగాను. పరీక్షకు పంపితే యాభై మిల్లీలీటర్ల మీద పిసరంత ఎక్కువ పట్టాను. ఆ పిసరుకు అక్కడి పెద్దలు తలలు అడ్డంగా ఊపారు. నా నంబరు మీద ఒక అడ్డగీత కొట్టి, పాత ఇనుమూ ఇత్తడీ వేలంలో కలిపేశారు.

ఇప్పుడు నేనొక పాతసామాన్ల కొట్లో ఉన్నాను. నన్ను తెచ్చిన రోజున కొట్టాయన కాటాలో పడేశాడు. ముల్లు అటూ ఇటూ ఊగింది, ఎక్కడా నిలవలేదు. ఎంతుందేంటి అని లోపల్నుంచి అతని భార్య అడిగింది. "ఎంతో కొంతలే" అన్నాడతను. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఆ మాట నేను ఒక్కసారీ వినలేదు. ముందు భయం వేసింది. తరవాత ఎందుకో హాయిగా అనిపించింది.

నన్ను పెరట్లో, బోరింగు పంపు చేతికీ విరిగిన గొళ్ళేనికీ మధ్య నిలబెట్టాడు. సాయంత్రం వాన వచ్చింది. నీళ్ళు నిండాయి, అంచు దాటి పొర్లాయి, అయినా వాన పడుతూనే ఉంది. మూతిమీద గాజుపలక పెట్టి చదును చేసేవాళ్ళు ఎవరూ లేరు. నేనూ ఎంత పట్టిందో చూసుకోలేదు.